రసాయనాలకు స్పందించే సూక్ష్మ మోటార్లు: చరిత్ర

చుట్టూ ఉన్న ద్రవంలోని రసాయనాన్నే ఇంధనంగా వాడుకుంటూ, బయటి నుంచి ఎవరూ తోయకుండా కదిలే కృత్రిమ కణాలు సూక్ష్మ మోటార్లు. వీటి పొడవు సాధారణంగా కొన్ని మైక్రాన్లు మాత్రమే, తల వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు. కొన్ని రకాలు రసాయనం చిక్కగా ఉన్న వైపుకో, పలచగా ఉన్న వైపుకో మళ్లుతాయి. జీవకణాల్లో ఈ గుణాన్ని రసాయన అనుచలనం అంటారు. కృత్రిమ కణం నిజంగా అలా దిశ మార్చుకోగలదా, లేక ఊరికే ఎక్కువగా చెదురుతుందా అన్నదే ఈ రంగంలో మొదటి నుంచీ నడుస్తున్న ప్రశ్న.

నీటి మీద వేసిన కర్పూరం పలుకు దానంతటదే పరుగులు తీస్తుందన్న సంగతి శతాబ్దాలుగా తెలుసు. కరిగిన కర్పూరం నీటి తలతన్యతను ఒక పక్క తగ్గిస్తే, పలుకు రెండో పక్కకు లాగబడుతుంది. నీటిలో జిడ్డు చేతి వేలు ముంచితే ఆట ఆగిపోతుంది. ఆ ఆటను ఆపడానికి ఎంత నూనె కావాలో 1890లో లార్డ్ రేలీ కొలిచాడు. జీవకణాల వైపు చూస్తే, 1884లో విల్‌హెల్మ్ ఫెఫర్ ఫెర్న్ మొక్కల పురుషబీజాలు మాలిక్ ఆమ్లం వైపు ఈదుతాయని చూపించాడు. బాక్టీరియా ఎలా దారి వెతుక్కుంటుందో 1972లో హోవార్డ్ బెర్గ్, డగ్లస్ బ్రౌన్ వెల్లడించారు. 1976లో ఎడ్వర్డ్ పర్సెల్ తన ప్రసిద్ధ ప్రసంగంలో, ఆ పరిమాణంలో జడత్వానికి విలువే లేదని వివరించాడు. ఈత ఆపిన బాక్టీరియా పరమాణువు వ్యాసం కన్నా తక్కువ దూరంలోనే నిలిచిపోతుంది.

కృత్రిమ మోటార్ల చరిత్ర 2002లో మొదలైంది. ఆ ఏడాది హార్వర్డ్‌లో జార్జ్ వైట్‌సైడ్స్ బృందం ప్లాటినం తగిలించిన చిన్న పలకలను హైడ్రోజన్ పెరాక్సైడ్ ద్రావణం మీద నడిపించింది. ప్లాటినం తాకిన చోట పెరాక్సైడ్ విడిపోయి ఆక్సిజన్ బుడగలు వచ్చాయి, ఆ బుడగలు పలకను తోశాయి. అయితే అవి కంటికి కనిపించేంత పెద్దవి.

అసలు మలుపు 2004లో వచ్చింది. పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో అయుష్మాన్ సేన్, థామస్ మలౌక్, వాల్టర్ పాక్స్‌టన్ తదితరులు సగం బంగారం, సగం ప్లాటినంతో కడ్డీలు చేశారు. ఒక్కో కడ్డీ పొడవు 2 మైక్రాన్లు, మందం 370 నానోమీటర్లు. సన్నని రంధ్రాలున్న అల్యూమినా పొరను అచ్చుగా పెట్టి, విద్యుత్తుతో ఒక లోహం మీద ఇంకొకటి పూతగా పెంచి, చివరికి అచ్చును కాస్టిక్ సోడాలో కరిగించారు. 2 నుంచి 3 శాతం పెరాక్సైడ్‌లో ఈ కడ్డీలు సెకనుకు తమ పొడవుకు పదింతల దూరం దాకా వెళ్లాయి. ఆక్సిజన్ రాకెట్ పొగలా వెనక నుంచి తోస్తే బంగారం కొన ముందుండాలి, కానీ కడ్డీలు ప్లాటినం కొనను ముందుంచుకుని సాగాయి. ప్లాటినం కొన వద్ద పెరాక్సైడ్ ఎలక్ట్రాన్లను వదులుతుంది, బంగారం కొన వద్ద అందుకుంటుంది. కడ్డీ లోపల ఎలక్ట్రాన్లు, బయట నీటిలో ప్రోటాన్లు ప్రవహించడమే చలనానికి మూలమని తర్వాతి ప్రయోగాలు తేల్చాయి. తప్పు దిశ అనిపించిన దాన్ని దాచకుండా ప్రకటించడం ఆ పరిశోధన గొప్పతనం.

2005లో రామిన్ గొలెస్తానియన్, టానీ లివర్‌పూల్, అర్మాన్ అజ్దారి లోహపు జతలు లేకపోయినా పని జరుగుతుందని సిద్ధాంతం చెప్పారు. కణం ఒక పక్క మాత్రమే చర్య జరిగితే, అక్కడ పుట్టిన పదార్థపు గాఢతలోని తేడాయే దాన్ని కదిలిస్తుంది. 2007లో షెఫీల్డ్‌లో జొనాథన్ హౌస్ బృందం సగభాగానికి ప్లాటినం పూసిన 1.6 మైక్రాన్ల పాలిస్టైరీన్ గోళీలతో దీన్ని ధ్రువపరచింది. గోళీ కొద్దిసేపు తిన్నగా పోతుంది, తర్వాత నీటి అణువుల తాకిడికి తిరిగిపోయి దిక్కు మరుస్తుంది. అదే ఏడాది పెన్ స్టేట్‌లో బంగారు-ప్లాటినం కడ్డీలు పెరాక్సైడ్‌లో నానబెట్టిన జెల్ ముక్క వైపు గంటల తరబడి చేరుతూ పోయాయి. జీవం లేని కణాల్లో రసాయన అనుచలనంగా దాన్ని ప్రకటించారు. ఇంధనం దగ్గర వేగం పెరిగినంత మాత్రాన కణాలు అటు మళ్లినట్టేనా అన్న సందేహం అప్పుడే వచ్చింది.

దానికి స్పష్టమైన సైద్ధాంతిక సమాధానాల్లో ఒకటి హైదరాబాద్ చిరునామాతో వెలువడింది. టాటా మౌలిక పరిశోధన సంస్థ నగర శివారు నార్సింగిలో తాత్కాలిక భవనాల్లో నెలకొల్పిన కేంద్రానికి 2012 నుంచి 2016 వరకు శ్రీరామ్ రామస్వామి సారథి. తమంతట తామే కదిలే పదార్థాల భౌతికశాస్త్రంలో ప్రపంచానికి తెలిసిన పేరాయనది. ఆర్. అదితి సింహతో కలిసి 2002లో స్వయంచలిత కణాల ద్రవాలపై ఆయన రాసిన పత్రం ఆ రంగానికి పునాదుల్లో ఒకటి. 2014లో సురోప్రియ సాహా, గొలెస్తానియన్‌లతో కలిసి ‘ఫిజికల్ రివ్యూ ఇ’లో రసాయన అనుచలన కణాలపై పత్రం వెలువరించారు. గోళం ఉపరితలమంతా ద్రవం జారే తీరు ఒకేలా ఉంటే, రసాయన గాఢతలోని తేడా దాన్ని పక్కకు లాగుతుందే తప్ప తిప్పలేదు. రెండు అర్ధభాగాలు వేర్వేరుగా స్పందిస్తే మాత్రం మెలి పుట్టి గోళం ముఖం తిప్పుకుంటుంది. అంటే పూత ఎలా వేయాలో లెక్క కట్టి చెప్పినట్టే. గుంపులో ప్రతి కణం ఇంధనాన్ని తిని వ్యర్థాన్ని వదులుతుంది కాబట్టి, పక్క కణానికి అదే సంకేతమవుతుంది. అందువల్ల కొన్ని పరిస్థితుల్లో కణాలు ముద్దలు కడతాయి, కొన్నిటిలో నక్షత్రాకారంలో కూడతాయి, కొన్నిటిలో ఊగిసలాడతాయి. ఇది 1970లో కెల్లర్, సెగెల్ జిగురు బూజుల గుంపుకు రాసిన సమీకరణాలకు దగ్గరి చుట్టం.

లోహం లేని మోటార్లూ వచ్చాయి. 2011లో శశి తుటుపల్లి, రాల్ఫ్ సీమన్, స్టెఫాన్ హెర్మింగ్‌హౌస్ నూనెలో ఈదే నీటిబొట్లను తయారు చేశారు. బొట్టులోని బ్రోమిన్ చుట్టూ ఉన్న సర్ఫెక్టెంటుతో చర్య జరపడమే దాని ఇంధనం. తుటుపల్లి తర్వాత బెంగళూరులో ఇదే బాటలో కొనసాగారు. ఎంజైములు సైతం చర్య జరుపుతూ వేగంగా విస్తరిస్తాయని 2010లో హరి ముద్దన తదితరులు యూరియేజ్‌తో చూపగా, 2018లో పీర్ ఫిషర్ బృందం కొలత పద్ధతినే శంకించింది. ఆ వాదం ముగియలేదు.

వైద్యంలో 2015లో శాన్ డియాగోలో జోసెఫ్ వాంగ్ బృందం జింకు మోటార్లను ఎలుక కడుపులో నడిపింది, జఠర ఆమ్లమే ఇంధనం. 2017లో లండన్‌లో గ్లూకోజ్ గాఢత వెంట కదిలే పాలిమర్ సంచులు ఎలుకల మెదడులోకి మామూలు సంచుల కన్నా సుమారు నాలుగింతలు ఎక్కువగా చేరాయి.

నీటి శుద్ధి ప్రయోగాల్లో 2013 నాటి ఇనుము-ప్లాటినం గొట్టాలు పేరుపొందాయి. అవి ఈదుతూ రంగు వ్యర్థాలను విరిచాయి. అయితే పశ్చిమ ప్రకాశంలోని కనిగిరి, హనుమంతునిపాడు బోర్ల నీటిలోని ఫ్లోరైడ్ సమస్య వేరు. ఫ్లోరైడ్ విరిగే అణువు కాదు, అయాను. దాన్ని నీటి నుంచి వేరుచేసి తీయాల్సిందే. అందుకు పటిక, సున్నం వాడే నల్గొండ పద్ధతి, ఉత్తేజిత అల్యూమినా, ఆర్‌ఓ వాడుకలో ఉన్నాయి.