ఇంటెల్ కోర్ ఐ3-1215యు, ఏఎండీ రైజెన్ 3 7320యు: పనిలో ఏది ముందు, కరెంటు పొదుపులో ఏది మేలు?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పిల్లల చదువు కోసం తక్కువ ధరలో ల్యాప్‌టాప్ కొనేవారు ముందుగా ర్యామ్ ఎంత, ధర ఎంత అని అడుగుతారు. కరెంటు లేనప్పుడు ఎంతసేపు పనిచేస్తుందో అడిగేవారు తక్కువ. ఈ జిల్లాల్లో మాత్రం అది అడగాల్సిన ప్రశ్నే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్, 2018 అక్టోబర్ 11న తిత్లీ తీరం దాటాక ఇక్కడి ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. తిత్లీ దెబ్బకు ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి చెట్లతో పాటు కరెంటు స్తంభాలూ పడిపోయాయి. అలాంటి రోజుల్లో ల్యాప్‌టాప్ ఎంతసేపు నడుస్తుందన్నది బ్యాటరీ సైజుతో పాటు లోపలున్న ప్రాసెసర్‌పైనా ఆధారపడుతుంది.

రెండింటి వివరాలు

ఈ రెండూ 2022లో వచ్చినవే. రెండూ చౌక ల్యాప్‌టాప్‌ల కోసం తయారైనవే.

ఇంటెల్ కోర్ ఐ3-1215యు: 6 కోర్లు. వీటిలో 2 వేగానికి, 4 పొదుపుకు. 8 థ్రెడ్లు. గరిష్ఠ వేగం 4.4 గిగాహెర్ట్జ్. మామూలు విద్యుత్ పరిమితి 15 వాట్లు, కొద్దిసేపు గరిష్ఠంగా 55 వాట్లు.

ఏఎండీ రైజెన్ 3 7320యు: ఒకే రకం కోర్లు 4, థ్రెడ్లు 8. గరిష్ఠ వేగం 4.1 గిగాహెర్ట్జ్. మామూలు విద్యుత్ పరిమితి 15 వాట్లు. తయారీ 6 నానోమీటర్ల పద్ధతిలో.

పేరులోని అంకెలతో జాగ్రత్త

7320 అనే అంకె పెద్దగా కనిపించడంతో అదే కొత్తది, గట్టిది అనుకునే వీలుంది. అసలు సంగతి మూడో అంకెలో ఉంది. ఈ వరుసలో మూడో అంకె కోర్ ఏ తరానిదో చెబుతుంది. 7320లో మూడో అంకె 2, అంటే జెన్ 2. అది 2019లో వచ్చిన డిజైన్. అదే 7330యు అయితే మూడో అంకె 3, అంటే జెన్ 3. ఒక్క అంకె తేడాతో ఒక తరం మారిపోతుంది.

పనిలో ఏది ముందు?

ఒక్క కోర్‌తో జరిగే పనుల్లో, అంటే ప్రోగ్రామ్ తెరవడం, బరువైన వెబ్‌పేజీ లోడ్ కావడం వంటివాటిలో, ఇంటెల్ చిప్‌దే పైచేయి. అన్ని కోర్లూ వాడే పనుల్లోనూ అదే ముందుంటుంది. కాకపోతే దానికి ఎక్కువ వాట్లు అందాలి, ఫ్యాను వేడిని బయటకు పంపగలగాలి. సన్నటి, చౌక ల్యాప్‌టాప్‌లో వేడెక్కితే చిప్ తానే వేగం తగ్గించుకుంటుంది.

పొదుపును ఎలా లెక్కించాలి?

వేగం పెంచాలంటే చిప్‌కు వోల్టేజీ కూడా పెంచాలి. విద్యుత్ ఖర్చు వోల్టేజీ వర్గానికి అనుగుణంగా పెరుగుతుంది. 40లో వెళ్లే బండిని 80లో తోలితే పెట్రోలు ఎక్కువ తాగినట్టే ఇదీనూ.

అలాగని తక్కువ వాట్లు లాగేదే పొదుపైనదని తేల్చేయకూడదు. లెక్క కోసం ఒక ఉదాహరణ: ఒక పనిని ఒక చిప్ 30 వాట్లతో 2 నిమిషాల్లో ముగిస్తే ఖర్చు 1 వాట్-అవర్. అదే పనికి ఇంకోటి 15 వాట్లతో 5 నిమిషాలు తీసుకుంటే 1.25 వాట్-అవర్లు. సగం వాట్లే లాగినా ఎక్కువ కరెంటు తిన్నది రెండోదే. అందుకే వాట్లనూ సమయాన్నీ కలిపి చూడాలి.

అయితే పీడీఎఫ్ చదవడం, వీడియో పాఠం చూడడం వంటి పనుల్లో ప్రాసెసర్ ఎక్కువసేపు దాదాపు ఖాళీగానే ఉంటుంది. అక్కడ గరిష్ఠ వేగంతో పనిలేదు. ఏఎండీ 7320యును ఎక్కువసేపు బ్యాటరీ నిలిచే చౌక ల్యాప్‌టాప్‌ల కోసమే తెచ్చింది. తక్కువ విద్యుత్‌తో నడిచే ఎల్‌పీడీడీఆర్5 ర్యామ్ దానికి తోడు. ఇక్కడ దానికి మొగ్గు ఉంటుంది.

42 వాట్-అవర్ల బ్యాటరీ ఉన్న ల్యాప్‌టాప్ మొత్తంగా సగటున 7 వాట్లు లాగితే 6 గంటలు వస్తుంది. 14 వాట్లు లాగితే 3 గంటలే. స్క్రీన్ వెలుతురు తగ్గించినా ఆ మేరకు కలిసొస్తుంది.

కరెంటు బిల్లులో మాత్రం ఈ తేడా పెద్దగా కనిపించదు. రోజుకు 6 గంటలు, 10 వాట్ల తేడా అనుకున్నా నెలకు 1.8 యూనిట్లే. ప్రాసెసర్ పొదుపు విలువ తెలిసేది కరెంటు పోయినప్పుడే.

ఎవరికి ఏది?

కోడింగ్, డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్లు వాడే ఇంజినీరింగ్, పాలిటెక్నిక్ విద్యార్థులకు ఐ3-1215యు మేలు. పోటీ పరీక్షల చదువు, ఆన్‌లైన్ క్లాసులు, దరఖాస్తులు నింపడం వరకే అయితే 7320యు సరిపోతుంది.

7320యుతో వచ్చే ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది. తర్వాత పెంచుకునే వీలుండదు కాబట్టి మొదట్లోనే కనీసం 8 జీబీ ఉన్నది తీసుకోవాలి. ఐ3 ల్యాప్‌టాప్‌లలో కొన్నింటికి ర్యామ్ స్లాట్ ఉంటుంది, కొన్నింటికి ఉండదు. అది మోడల్‌ను బట్టి అడిగి తెలుసుకోవాలి. ఏది కొన్నా బిల్లు కట్టేముందు మూడు చూసుకోవాలి: ప్రాసెసర్ పూర్తి పేరు, బ్యాటరీ ఎన్ని వాట్-అవర్లు, ర్యామ్ పెంచుకునే వీలుందా లేదా.