కంప్యూటర్‌కు తెలుగు అక్షరం ఎలా తెలుస్తుంది?

2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం పలు దేశాల్లో ఐఫోన్ వినియోగదారులను ఇబ్బంది పెట్టింది. ‘జ్ఞా’ అనే అక్షరం ఒక ప్రత్యేక కూర్పులో సందేశంగా అందినప్పుడు, దానిని తెరపై చూపబోయి కొన్ని యాప్‌లు మూతపడ్డాయి. ఆపిల్ సంస్థ అదే నెలలో ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి లోపాన్ని సరిదిద్దింది. కంప్యూటర్ అక్షరాన్ని ఎలా భద్రపరుస్తుందో తెలిస్తే ఈ లోపం స్వభావం అర్థమవుతుంది.

బిట్, బైట్ అంటే ఏమిటి?

కంప్యూటర్‌లోని విద్యుత్ వలయాలు రెండు స్థితుల ఆధారంగా పనిచేస్తాయి. వాటిని 0, 1 అంకెలతో సూచిస్తారు. అటువంటి ఒక్కొక్క అంకెను బిట్ అంటారు. 8 బిట్లు కలిస్తే ఒక బైట్. ఒక బైట్‌తో 256 వేర్వేరు విలువలను సూచించవచ్చు.

అక్షరానికి సంఖ్య ఎందుకు?

యంత్రం అక్షరాన్ని సంఖ్యగానే దాచుకుంటుంది. 1960లలో అమెరికాలో రూపొందిన ఆస్కీ ప్రమాణంలో 128 సంకేతాలే ఉన్నాయి. ఇంగ్లిష్ పెద్ద ‘ఎ’ అక్షరానికి 65 కేటాయించారు. తెలుగుకు అందులో చోటు లేదు. అందువల్ల ఇంగ్లిష్ అక్షరాల సంఖ్యలకే తెలుగు ఆకృతులను జోడించిన ఫాంట్లు వాడుకలోకి వచ్చాయి. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో అదే వ్యాసం అర్థంలేని గుర్తుల వరుసగా కనిపించేది.

యూనికోడ్ ఏం మార్చింది?

1991లో తొలిసారి వెలువడిన యూనికోడ్ వివిధ లిపులకు ప్రత్యేక సంఖ్యలను కేటాయించింది. తెలుగుకు 3072 నుంచి 3199 వరకు స్థానాలు దక్కాయి. ‘అ’ సంఖ్య 3077. 0, 1 అంకెల్లో అది 110000000101.

‘జ్ఞా’ మనకు ఒకే అక్షరం. కంప్యూటర్‌కు మాత్రం అది జ (3100), పొల్లు (3149), ఞ (3102), దీర్ఘం (3134) అనే నాలుగు సంకేతాల వరుస. 2018 నాటి సందేశంలో వీటి నడుమ కంటికి కనిపించని మరో సంకేతం కూడా ఉంది. ఈ వరుసను ఒకే ఆకృతిగా మలచవలసింది సాఫ్ట్‌వేర్. లోపం అక్షరంలో లేదు, ఆ మలిచే పనిలో ఉంది.

వినియోగదారుకు దీనితో పనేమిటి?

యూనికోడ్‌ను భద్రపరిచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి 3 బైట్లు అవసరం. ‘తెలుగు’ అనే మాటలో 6 సంకేతాలున్నాయి కనుక అది 18 బైట్లు. సాధారణ ఎస్ఎంఎస్‌లో ఇంగ్లిష్‌కు 160 అక్షరాల వీలుండగా, తెలుగులో 70 సంకేతాలకే పరిమితి.

ఆ భారం ఉన్నా ప్రయోజనం పెద్దది. యూనికోడ్‌లో రాసిన తెలుగు ఇంటర్నెట్‌లో వెతికితే దొరుకుతుంది. చూపులేని వారికి తెరమీది పాఠాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ దానిని గుర్తిస్తుంది. పాత ఫాంట్లలో ఉండిపోయిన తెలుగు రచనలకు ఈ రెండు సౌకర్యాలూ అందాలంటే, ముందుగా వాటిని యూనికోడ్‌లోకి మార్చవలసి ఉంటుంది.