గుండ్రటి వీపు గిటార్: ఒడిలో కుదురుకున్న కథ

గుండ్రటి వీపున్న గిటార్ ఒడిలో ఒకచోట నిలవదు. మామూలు అకూస్టిక్ గిటార్ వెనక చెక్క బల్లపరుపుగా ఉండి పొట్టకు ఆనుకుంటుంది. పక్క చెక్క నడుము దగ్గర లోపలికి వంగి తొడ మీద జీనులా కూర్చుంటుంది. వీపు గిన్నెలా ఉన్న గిటార్‌కు ఈ రెండు ఆధారాలూ తక్కువే. అది పొట్టను ఒక సన్నని గీత మేర తాకుతుంది, తొడను ఇంకో గీత మేర. గుండ్రటి వస్తువు గుండ్రటి వస్తువు మీద ఎంతసేపు నిలుస్తుందో అదీ అంతసేపే నిలుస్తుంది.

ఆ జారుడులోనూ ఒక వరస ఉంది. ముందు అడుగుభాగం తొడ మీంచి బయటికి జారుతుంది, దానితో గిటార్ ముఖం పైకప్పు వైపు తిరుగుతుంది. మెట్లు కళ్ళకు బాగా కనిపిస్తాయి కనుక కొత్తగా నేర్చుకునేవారికి ఈ భంగిమే హాయిగా తోస్తుంది, కానీ మెడను చుట్టాల్సిన ఎడమ మణికట్టు ముందుకు మడతపడి నొప్పి పెడుతుంది. తర్వాత మెడ నేల వైపు వాలుతుంది. గిన్నె తేలిక; మెడ, తీగల బిరడలు బరువు. వాలే మెడను ఎత్తి పట్టే పని ఎడమ చేతి మీద పడుతుంది. తీగలు నొక్కాల్సిన చేయి మోత మోస్తుంటే వేళ్ళు బిగుసుకుంటాయి, పట్టు మార్చడం ఆలస్యమవుతుంది. తమ వేళ్ళకే చేతకావడం లేదని చాలామంది అనుకునే చోట అసలు లోపం కూర్చున్న తీరులో ఉంటుంది.

ఈ చిక్కు గిటార్‌తో మొదలైంది కాదు. అరబ్బుల తీగవాద్యం ఊద్ వీపు సన్నని చెక్కబద్దలను పక్కపక్కన వంచి అతికించిన సగం బేరిపండు ఆకారం. స్పెయిన్, సిసిలీల మీదుగా అది యూరప్ చేరి లూట్ అయింది. లూట్ అన్న పేరు కూడా అరబీ 'అల్ ఊద్' నుంచి వచ్చిందే. బద్దలు కాగితమంత కాకపోయినా దాదాపు అంత పలచగా ఉండేవి, వార్నిష్ పూసి నున్నగా ఉండేవి. పట్టుబట్టల మీద పెట్టుకుంటే జారక ఏం చేస్తుంది? అందుకే లూట్ వాదకులు నాలుగైదు శతాబ్దాల పాటు రకరకాల ఉపాయాలు పన్నారు. కొందరు వాద్యం వెనక గుబ్బలకు దారం కట్టి కోటు గుండీకి తగిలించేవారు. ఒడిలో మెత్తని తోలు ముక్క పరుచుకోవడం లూట్ వాయించేవారిలో ఇప్పటికీ ఉన్న అలవాటు.

అన్నిటికన్నా వివరంగా రాసినవాడు థామస్ మేస్ అనే ఇంగ్లిష్ వాదకుడు. 1676లో అచ్చయిన 'మ్యూజిక్స్ మాన్యుమెంట్' అనే పెద్ద గ్రంథంలో ఆయన బల్ల సాయం తీసుకున్నాడు. వాదకుడు బల్లకు ఎదురుగా కూర్చోవాలి, లూట్ అడుగును కుడి తొడ మీద ఆనించాలి, దాని వీపును బల్ల అంచుకు మోపాలి, ఈవలి నుంచి రొమ్ముతో ఒత్తి పట్టాలి. బల్లకూ రొమ్ముకూ మధ్య ఇరుక్కున్న వాద్యం ఎవరూ తేలిగ్గా లాగలేనంత గట్టిగా ఉండాలని ఆయన లెక్క. చూడడానికి అంత సొగసైన భంగిమ కాదు. అయినా గుండ్రటి వీపుకు మూడు చోట్ల ఆనిక కావాలని అంత సూటిగా చెప్పినవాళ్ళు తక్కువ.

గిటార్లకు గుండ్రటి వీపు ఇరవయ్యో శతాబ్దపు సరికొత్త ఊహ అనుకోవడం కూడా సరికాదు. లిస్బన్‌లో బెల్షియోర్ డియాస్ 1581లో చేసిన చిన్న గిటార్ ఒకటి లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్ సేకరణలో ఉంది. దాని వీపు ఉబ్బెత్తుగా, గాళ్ళు తీసిన బద్దలతో ఉంటుంది. పదిహేడో శతాబ్దపు వెనిస్ పనివాళ్ళు కూడా అలాంటివి చాలా చేశారు. తర్వాత చదును వీపుదే పైచేయి అయింది. చదును చెక్క చేయడం సులభం, బాగుచేయడం సులభం, ఒడిలో కుదురుగా ఉంటుంది.

చదును వీపు వచ్చాక కూడా గిటార్‌ను ఎక్కడ ఆనించాలన్న గొడవ తీరలేదన్నది వేరే విశేషం. 1830లో పారిస్‌లో వెలువడిన తన బోధినిలో గిటార్ వాదకుడు ఫెర్నాండో సోర్ గిటార్‌ను బల్ల మూలకు ఆనించమన్నాడు; మేస్ బల్ల ఇంకా ఊడిపోలేదన్నమాట. ఆయన మిత్రుడు డియోనిసియో అగ్వాదో మరో అడుగు వేసి గిటార్‌ను పట్టి ఉంచే ముక్కాలి పీటనే తయారు చేయించాడు. అగ్వాదో చెప్పిన కారణం ఆసక్తికరం: వాదకుడి ఒళ్ళు గిటార్ వీపుకు తగిలితే చెక్క కంపనం చచ్చిపోతుంది, నాదం తగ్గుతుంది. ముక్కాలి మీదుంటే వీపు స్వేచ్ఛగా మోగుతుంది. ఆ పీట నిలవలేదు. పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలో ఆంటోనియో టోరెస్ గిటార్ పెట్టెను పెద్దది చేశాక, ఫ్రాన్సిస్కో తార్రేగా తరంలో ఎడమ పాదం కింద చిన్న పీట, ఎడమ తొడ మీద గిటార్ అనే పద్ధతి స్థిరపడింది. శాస్త్రీయ గిటార్ వాదకులు ఇప్పటికీ కూర్చునేది ఎక్కువగా అలాగే.

తెలుగునాట ఈ సమస్యను వేరే దారుల్లో దాటారు. బొబ్బిలి వీణ పనస చెక్కతో తొలిచిన గుండ్రటి కుండ. కానీ వాదకులు నేల మీద కూర్చుంటారు కనుక కుండ బరువు నేల మోస్తుంది, రెండో కొసన ఉన్న బుర్ర ఎడమ తొడ మీద ఆనుతుంది. బుర్రకథలో కథకుడు గుండ్రటి తంబురను భుజాన వేసుకుని అడుగులేస్తూ మీటుతాడు. నేల మీద పెట్టడం, భుజానికెత్తడం: గుండ్రటి వాద్యాన్ని ఒడిలోంచి తప్పించే ఈ రెండు మార్గాల్లో రెండోదే చివరికి గిటార్‌కూ పనికొచ్చింది.

ఆధునిక గుండ్రటి వీపు గిటార్ పుట్టింది సంగీత వాద్యాల కార్ఖానాలో కాదు, హెలికాప్టర్ల కార్ఖానాలో. చార్లెస్ కామన్ 1919లో పుట్టిన అమెరికన్ ఇంజనీరు. 1945లో కనెక్టికట్ రాష్ట్రంలో సొంత విమాన సంస్థ పెట్టి, ఒకదానిలోకి ఒకటి దూరి తిరిగే జంట రోటార్ల హెలికాప్టర్లు తయారు చేశాడు. ఆయన చేయి తిరిగిన గిటార్ వాదకుడు కూడా. అరవయ్యో దశకంలో వ్యాపారాన్ని విస్తరించాలనుకున్నప్పుడు మొదట పేరున్న ఒక పాత గిటార్ సంస్థను కొనాలని చూశాడు. బేరం కుదరలేదు. దాంతో సొంతంగానే మొదలుపెట్టాడు, 1966లో ఓవేషన్ గిటార్లు వచ్చాయి. మరుసటి ఏడాదికి న్యూ హార్ట్‌ఫర్డ్ ఊళ్ళో కార్ఖానా నడిచింది. ఓవేషన్ అంటే సభలో చప్పట్లు, జేజేలు.

హెలికాప్టర్ ఇంజనీర్లకు కంపనం శత్రువు. రెక్కలు ఎక్కడ అదురుతాయో, ఆ అదురు ఎలా అణచాలో తెలుసుకోవడమే వాళ్ళ పని. అదే తెలివిని వాళ్ళు తలకిందులు చేసి గిటార్‌కు వాడారు. పెట్టెలో పక్క చెక్క వీపును కలిసే మూల దగ్గర అతుకులు, లోపల దూలాలు కంపనాన్ని మింగేస్తాయని వాళ్ళ వాదన. మూలలే లేకుండా ఒకే గిన్నె పోత పోస్తే ఆ నష్టం ఉండదు. అలా గాజునార, రెజిన్ కలిపి అచ్చులో నొక్కి 'లైరాకార్డ్' అనే పదార్థంతో వీపు చేశారు. ముందు పలక మాత్రం యథాప్రకారం స్ప్రూస్ చెక్కే. ఈ గిన్నె ఎండకు పగలదు, తేమకు ఉబ్బదు. అగ్వాదో భయపడినట్టు వాదకుడి పొట్ట నాదాన్ని మింగే బాధ కూడా తగ్గింది, ఎందుకంటే అది పొట్టను తాకేదే కొద్ది. నాదానికి మేలు చేసిన ఆ గుణమే ఒడిలో కుదురు లేకుండా చేసింది. మేలూ కీడూ ఒకే వంపులో ఉన్నాయి.

తొలినాళ్ళ గిన్నెలు అద్దంలా మెరిసేవి. జారడంలో కూడా అద్దమే. త్వరలోనే సంస్థ నునుపు తీసేసి గరుకు పైపూతకు మారింది. లోతైన గిన్నె దాదాపు 6 అంగుళాలు ఉండేది. మామూలు పెద్ద గిటార్ పెట్టెకన్నా అది దాదాపు అంగుళం ఎక్కువ. అంత లోతున్న గిటార్ మీదుగా కుడి చేయి తీగలను అందుకోవాలంటే భుజం ముందుకు వంగుతుంది. పొట్టివాళ్ళకు, పొట్ట ఉన్నవాళ్ళకు ఇంకా కష్టం.

అయినా ఓవేషన్ వెలిగిపోయింది, ఎందుకంటే అది వెలిగింది వేదిక మీద. గాయకుడు గ్లెన్ క్యాంప్‌బెల్ 1969లో సీబీఎస్ టీవీలో వారం వారం కార్యక్రమం మొదలుపెట్టి, ఓవేషన్ గిటార్‌ను అమెరికా ఇళ్ళలోకి తీసుకెళ్ళాడు. నిలబడి, భుజానికి స్ట్రాప్ వేసుకుని వాయించేవాళ్ళకు తొడ గొడవే లేదు. తీగలు ఆనే గుర్రం కింద, కంపనాన్ని కరెంటుగా మార్చే పియెజో పికప్ అమర్చి, పెద్ద బ్యాండు హోరులో కూడా మైకు కూత లేకుండా గిటార్‌ను వినిపించడం 1970ల మొదట్లో ఓవేషన్ సాధించిన పెద్ద గెలుపు. 1976లో వచ్చిన ఆడమస్ నమూనాలో ముందు పలకకూ కార్బన్ నార వాడారు. గుండ్రటి వీపు తన ఊరు వేదిక అని ఆ పదేళ్ళలో తేల్చుకుంది. కష్టం ఇంట్లో మంచం అంచున కూర్చుని సాధన చేసేవారిదే.

పికప్ మరో తలుపు తెరిచింది. ధ్వని కరెంటులో వెళ్తున్నప్పుడు గిన్నె అంత లోతుగా ఉండనక్కర్లేదు. మధ్యస్థం, పల్చనివి, మరీ పల్చనివి వరసగా వచ్చాయి. పల్చని గిన్నె ఒంటికి దగ్గరగా కూర్చుంటుంది, కుడి భుజం వంగే పని ఉండదు. కానీ ప్లగ్ తీసేస్తే గొంతు సన్నబడుతుంది, మంద్రం పోతుంది. వీపున పొట్ట తగిలే చోటును కొద్దిగా చదును చేసిన గిన్నెలు కూడా తర్వాత వచ్చాయి. అంటే మూడు శతాబ్దాల తర్వాత తయారీదారులు బల్లనూ తోలునూ గిటార్‌లోకే చేర్చే ప్రయత్నం చేశారు. చేతిలో లోతైన పాత గిన్నే ఉన్నవారికి మాత్రం ఉపాయాలు ఇంకా పాతవే.

వాటిలో మొదటిది స్ట్రాప్, కూర్చున్నప్పుడు కూడా. నిలబడినప్పుడు గిటార్ ఏ ఎత్తులో ఉంటుందో కూర్చున్నా అదే ఎత్తులో ఉండేలా పొడవు సరిచేయాలి. అప్పుడు తొడ మోసేది తక్కువ, భుజం మోసేది ఎక్కువ. పట్టీ లోపలివైపు గరుకు తోలైతే భుజం మీంచి పాకదు. పట్టీ తగిలించే గుబ్బ ఒకటి అడుగున ఉంటుంది, రెండోది మెడ మొదట్లో. ఆ రెండోది మరీ వెనక్కి ఉంటే గిటార్ ముఖం నేల వైపు వంగుతుంది. మెడ పై వైపుకు ఉంటే తిన్నగా నిలుస్తుంది. గుబ్బ చోటు మార్చాలంటే చేయి తిరిగిన మరమ్మతుదారు చేతనే చేయించాలి. గాజునార గిన్నెకు ఇష్టం వచ్చినట్టు రంధ్రం వేస్తే బీట పడే ప్రమాదం ఉంది.

రెండోది తొడ మీద జారుడు ఆపే గుడ్డ. లూట్ వాదకుల మెత్తని తోలు ఇక్కడా పనిచేస్తుంది. వంటింటి అరల్లో పరిచే రబ్బరు జాలి ముక్క కూడా అంతే బాగా పట్టుకుంటుంది, ఖరీదు చాలా తక్కువ. వాయించడం అయ్యాక దాన్ని గిటార్‌కు చుట్టి ఉంచకూడదు; కొన్ని రకాల రబ్బరు కొన్ని రకాల లక్కర్‌ను మరక చేస్తుంది.

మూడోది తార్రేగా పద్ధతి. లోతైన గిన్నెకు ఇది చిత్రంగా సరిపోతుంది. ఎడమ పాదాన్ని చిన్న పీట మీద పెట్టి, గిన్నె ఉబ్బును రెండు తొడల మధ్య దించి, మెడను భుజం ఎత్తుకు లేపితే గుండ్రటి వీపుకు తనకు సరిపడే పల్లం దొరుకుతుంది. మెడ వాలడం దానితోనే సగం ఆగిపోతుంది. కుర్చీకి చేతులు ఉండకూడదు. సోఫాలో కూరుకుపోయి కూర్చుంటే ఈ పద్ధతి ఏమాత్రం పనికిరాదు.

మెట్లు చూడడానికి గిటార్‌ను పైకి తిప్పకూడదు. ఆ చూపు కోసమే మెడ పై అంచున చుక్కలు పొదిగి ఉంటాయి. కుడి ముంజేయి బరువు గిటార్ అంచు మీద తేలిగ్గా పడితే చాలు. దానితో గట్టిగా అదిమితే పలక మోత తగ్గుతుంది. అంతా కుదిరిందో లేదో తెలుసుకోవడానికి ఎడమ చేతిని పూర్తిగా తీసేసి, కుడి చేత్తో కాసేపు తీగలు మీటి చూడాలి. మెడ కదలకుండా ఉంటే తొడ, పొట్ట, ముంజేయి, పట్టీ తమ తమ వంతు మోస్తున్నట్టు. కిందికి వాలితే పట్టీ పొడవునో, కుర్చీ ఎత్తునో సవరించాలి.

ఈ ఉపాయాలన్నిట్లో ఒక్కటే ఎంచుకోవలసి వస్తే అది స్ట్రాపే. బల్ల వెంట రాదు, పీట మరిచిపోతారు, గుడ్డ జారిపోతుంది. గుండ్రటి వీపు గిటార్ కొత్తగా కొనేవారు మాత్రం దుకాణంలో నిలబడి నాలుగు తీగలు మీటి డబ్బు కట్టేయకుండా, ఓ పావుగంట చేతులు లేని కుర్చీలో కూర్చుని వాయించి చూడాలి. లోతైనది, పల్చనిది రెండూ ఒడిలో పెట్టుకున్నాకే బేరం మాట ఎత్తడం మంచిది.