గ్లాడియోలస్ దుంప ఎప్పుడు నాటాలి? పూసే తేదీ ఎండ చేతిలో ఉంది

హోసూరు చుట్టుపక్కల పూలసాగు చేసే మన పిల్లల తల్లిదండ్రులకు గ్లాడియోలస్ కొత్త పంట కాదు. కత్తిలా నిటారుగా నిలిచే ఆకులు, కింది నుంచి పైకి ఒక్కొక్కటిగా విచ్చుకునే మొగ్గలు ఈ మొక్క గుర్తులు. లాటిన్‌లో గ్లాడియస్ అంటే కత్తి. ఆ మాట నుంచే దీనికి ఈ పేరు వచ్చింది. చాలా జాతుల పుట్టిల్లు దక్షిణాఫ్రికా. మన దగ్గర దీన్ని విత్తనంతో కాకుండా దుంపతో పెంచుతారు. "నీళ్లు పెట్టాం, ఎరువు వేశాం, కాడ మాత్రం పొట్టిగానే వచ్చింది" అనే మాట తరచూ వింటుంటాం. చాలాసార్లు తప్పు ఎరువులో ఉండదు, నాటిన తేదీలో ఉంటుంది.

రకాన్నిబట్టి, వాతావరణాన్నిబట్టి నాటిన 60 నుంచి 100 రోజుల్లో పూలకాడ కోతకొస్తుంది. ఒకే రకానికి కూడా ఇంత తేడా ఎందుకొస్తుంది? సుమారు 10 డిగ్రీల సెల్సియస్ కంటే చలి పెరిగితే మొక్క పెరుగుదల దాదాపు ఆగిపోతుంది. ఆ పైన వేడి పెరిగేకొద్దీ ఎదుగుదల వేగం పెరుగుతుంది. పై తరగతి పిల్లలు దీన్ని లెక్కగా చేసి చూడొచ్చు. ఒక రకం పూయడానికి 10 డిగ్రీలకు పైనున్న వేడి మొత్తం 900 కావాలనుకుందాం. రోజు సగటు ఉష్ణోగ్రత 20 అయితే రోజుకు 10 జమవుతుంది, 90 రోజులు పడుతుంది. సగటు 25 అయితే రోజుకు 15 చొప్పున 60 రోజులకే పూస్తుంది. 900 అనేది లెక్క కోసం తీసుకున్న అంకె మాత్రమే, పొలంలో రకానికో తీరు ఉంటుంది. పద్ధతి అర్థమైతే చాలు.

అలాగని తొందరగా పూస్తే లాభమే కదా అనుకోకండి. తొందరగా పూసిన మొక్క ఆకుల్లో ఆహారం తయారుచేసుకోవడానికి తక్కువ రోజులే దొరుకుతాయి. అందుకే కాడ పొట్టిదవుతుంది, మొగ్గలు తగ్గుతాయి, రేకుల అంచులు మాడతాయి. పగలు 25, రాత్రి 15 డిగ్రీల దరిదాపుల్లో ఉంటే కాడ పొడుగ్గా, నిండుగా వస్తుంది. మన హోసూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి ఏడాదిలో చాలా నెలలు ఇలాంటి వాతావరణమే దొరుకుతుంది. అదే చెన్నైలోనో యానాంలోనో అయితే చలికాలపు పంటే నమ్మకం.

అన్నిటికంటే జాగ్రత్తగా చూసుకోవాల్సిన దశ ఒకటుంది. మొక్కకు రెండాకులు వచ్చినప్పటి నుంచి ఆరాకులు వచ్చేవరకు బయటికి ఏమీ కనిపించదు, కానీ లోపల పూలకాడ తయారవుతుంటుంది. ఆ రోజుల్లో చలి, మబ్బు కలిసొచ్చి వెలుతురు తగ్గినా, నేల ఎండిపోయినా కాడ లోపలే చచ్చిపోతుంది. దాన్ని గొడ్డు మొక్క అంటాం. ఆకులు పచ్చగా ఉంటాయి, పువ్వు మాత్రం రాదు. ఆ తర్వాత ఎన్ని నీళ్లు పెట్టినా ఆ కాడ తిరిగి రాదు.

ఇక తేదీ సంగతి. ధనుర్మాసంలో, అంటే ఇక్కడివాళ్లు మార్గళి అనే నెలలో, పెళ్లిళ్లుండవు. సంక్రాంతి దాటాక ముహూర్తాలు మొదలై పూలకు గిరాకీ వస్తుంది. ఫిబ్రవరి 10కి కాడలు కావాలనుకుంటే, 90 రోజుల రకానికి వెనక్కి లెక్కేస్తే నవంబరు 12న నాటాలి. డిసెంబరు, జనవరి రాత్రుల చలికి పూత కొన్ని రోజులు వెనక్కి జరుగుతుంది కాబట్టి వారం ముందే నాటడం మేలు. నవంబరులో వానలుంటాయి, నీళ్లు నిలవని ఎత్తు మడి చేసుకోండి. దుంపంతా ఒక్కరోజే నాటకుండా పదిహేను రోజుల తేడాతో రెండు మూడు విడతలుగా నాటితే ఒక ముహూర్తం తప్పినా ఇంకోటి దొరుకుతుంది. ఫిబ్రవరి చివర నాటినవి ఏప్రిల్, మే ఎండల్లో పూస్తాయి. వేడి నేలలో ఎండు తెగులు, ఎండల్లో తామర పురుగులు ఎక్కువవుతాయి. నన్నడిగితే ఆ విడత మానుకోవడమే మంచిది.

4, 5 సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న గట్టి దుంపలు ఏరుకోండి. వరుసల మధ్య 30, దుంపల మధ్య 20 సెంటీమీటర్లు వదిలి నాటండి. బెంగళూరు హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన మీరా, నజరానా, పూనమ్, శోభ వంటి రకాలు మన వాతావరణంలో పుట్టినవే.

కింది మొగ్గ రంగు కనబడగానే కాడ కోయాలి. కోసేటప్పుడు మొక్కకు కనీసం నాలుగాకులు వదలండి, వచ్చే ఏడాది దుంప పెరిగేది వాటితోనే. కోసిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు ఆకులు పసుపెక్కుతాయి. అప్పుడు దుంపలు తవ్వి, నీడలో ఆరబెట్టాలి. తవ్విన దుంప వెంటనే మొలకెత్తదు, దానికి నిద్ర ఉంటుంది. 4, 5 డిగ్రీల శీతల గిడ్డంగిలో రెండు మూడు నెలలుంచితే ఆ నిద్ర తీరుతుంది. ఫిబ్రవరిలో పూసిన మొక్క దుంపను ఏప్రిల్ మొదట్లో తవ్వి గిడ్డంగిలో పెడితే, జూలైకల్లా మళ్లీ నాటడానికి సిద్ధమవుతుంది.