మూడు తరాలకు ఆవల

అమెరికాలో బడికి వెళ్తున్న మా మనవరాలు 2016 వేసవిలో ఫోనులో అడిగింది: "తాతయ్యా, మనవాళ్ళు ఏ ఓడలో వచ్చారు?" తోటి పిల్ల ఒకతె తన పూర్వీకుడు 1620లో మేఫ్లవరు ఓడ దిగాడని చెప్పి, అతని నుండి తన దాకా పేర్లన్నీ వరుసగా అప్పజెప్పిందట.

"మనం ఓడలో రాలేదమ్మా, ఓడలే మన దగ్గరికి వచ్చాయి" అన్నాను. అబద్ధం కాదు. మేఫ్లవరుకు తొమ్మిదేళ్ళ ముందే, 1611లో, ఇంగ్లీషువారి గ్లోబు ఓడ మన బందరు రేవు చేరింది. డచ్చివారు 1605లోనే వచ్చారు.

"మరి మీ తాతగారి తాతగారి పేరేమిటి?" అంది. నోరు పెగలలేదు.

ఆబ్దికంలో మనం పలికేవి మూడు పేర్లే: తండ్రి, తాత, ముత్తాత. నాలుగవ మెట్టు చీకటి. మా పూర్వుల ఊరు కృష్ణకు పడమటి గట్టున, గుంటూరు వైపు ఉంది. కాగితాల జాడ పట్టడమూ తేలిక కాదు. 1859లో గుంటూరు, మచిలీపట్నం జిల్లాలను కలిపి కృష్ణా జిల్లా చేశారు. 1904లో గుంటూరును మళ్ళీ విడదీశారు. ఒకే ఊరి లెక్కలు ఒక్కో కాలంలో ఒక్కో జిల్లా పేరు కింద ఉంటాయి.

చివరకు చేయి అందించినది ఇనాం రిజిస్టరు. ఇనాం భూముల హక్కులు తేల్చడానికి మద్రాసు ప్రభుత్వం 1858లో ఇనాం కమిషనును నియమించింది. భూమి ఎవరు ఇచ్చారు, ఎవరికి ఇచ్చారు, ఇప్పుడు ఎవరు అనుభవిస్తున్నారు, వారి వయస్సెంత, వారసులెవరు అన్నవి అందులో రాశారు. శిస్తు కోసం రాసిన ఆ పద్దులే ఈనాడు మనకు వంశవృక్షాలు.

మా ఊరి 1860 నాటి పద్దులో అనుభవదారు ఒక వితంతువు. ఆమె పేరు మా ఇంట ఎవరూ తలవగా నేను వినలేదు. వారసుడి పేరు పక్కన: దత్తపుత్రుడు, వయస్సు 32.

ఆయనే మా తాతగారి తాత. లెక్క కట్టాను. ఆయనకు సుమారు ఐదేళ్ళప్పుడు నందన కరువు, 1832-33. డొక్కల కరువన్నదీ దీనినే. గుంటూరు జిల్లా ఐదు లక్షల జనాభాలో సుమారు రెండు లక్షలమంది పోయారని అంచనా. ఆ కరువు తరువాతనే ఆనకట్ట ఆలోచన బలపడింది. కెప్టెన్ చార్లెస్ ఓర్ ఆధ్వర్యంలో 1852లో మొదలైన బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయింది.

కరువులోనే దత్తు వచ్చాడని పద్దు చెప్పదు. అది నా ఊహ. కాని ధర్మశాస్త్రం ఒక మాట చెబుతుంది: దత్తు ఇచ్చే అధికారం కన్నవారికే ఉంది, అనాథను ఇచ్చే హక్కు ఎవరికీ లేదు. అంటే ఆ పిల్లవాణ్ణి కన్నవారిలో ఒకరైనా అప్పటికి బ్రతికి ఉండి, తమ చేతులతో అప్పగించారు. వారి పేర్లు ఏ రిజిస్టరులోనూ లేవు.

ఇంటిపేరు గురించి ఇంతకాలం నేను పడ్డ గర్వం ఆ పద్దు ముందు తల వంచింది.

2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలు వచ్చాయి. బెజవాడ రేవులో దిగి మూడు పేర్లూ పలికాను. నాలుగవదీ పలికాను. ఆ వితంతువు పేరు పలికాను. నామగోత్రాలు తెలియనివారికీ తర్పణంలో చోటుంది; ఆ నీళ్ళు ఆ కన్నవారికి వదిలాను.

ఆ రాత్రి మనవరాలికి చెప్పాను: "ఓడలో కాదమ్మా. ఒక తల్లి చేతిలో నుండి మరొక తల్లి చేతిలోకి వచ్చాము."