క్రైసిస్ ఆన్ ఎర్త్-ఎక్స్

క్రైసిస్ ఆన్ ఎర్త్-ఎక్స్ అమెరికాలోని డీసీ కామిక్స్ సంస్థ 1973లో వెలువరించిన సూపర్‌హీరో కథ. ‘జస్టిస్ లీగ్ ఆఫ్ అమెరికా’ పత్రిక 107వ సంచికలో (1973 అక్టోబరు) మొదలై, డిసెంబరు తేదీతో వచ్చిన 108వ సంచికలో ముగిసింది. రచయిత లెన్ వెయిన్. పెన్సిల్ బొమ్మలు డిక్ డిలిన్ వేయగా డిక్ జోర్డానో సిరా గీతలు దిద్దాడు. సంపాదకుడు జూలియస్ ష్వార్ట్‌జ్. రెండవ ప్రపంచ యుద్ధం 1945లో ఆగకుండా ఏళ్ల తరబడి సాగి, చివరికి నాజీలు గెలిచిన మరో భూమి ఇందులోని రంగస్థలం.

పూర్వరంగం

ఈ కథలో ఆ భూమికి చెందిన ముఖ్యపాత్రలు డీసీ సృష్టించినవి కావు. ఎవరెట్ ఆర్నాల్డ్ నడిపిన క్వాలిటీ కామిక్స్ పత్రికల్లో 1939, 1941 మధ్య పుట్టినవి. వీటిలో మొదటివాడు డాల్ మేన్. 1939 డిసెంబరు నాటి ‘ఫీచర్ కామిక్స్’ 27వ సంచికలో విల్ ఐస్నర్ ఇతణ్ణి ప్రవేశపెట్టాడు. డారెల్ డేన్ అనే ఈ శాస్త్రవేత్త ఆరంగుళాల మనిషిగా కుదించుకుపోగలడు. 1940 మే నెలలో ‘క్రాక్ కామిక్స్’ తొలి సంచికతో బ్లాక్ కాండర్ వచ్చాడు. తల్లిదండ్రులను కోల్పోయి రాబందుల మధ్య పెరిగి, వాటిని చూసి ఎగరడం నేర్చుకున్నవాడు. అదే ఏడు సెప్టెంబరులో ‘స్మాష్ కామిక్స్’ 14వ సంచికలో ది రే కనిపించాడు. ఈ రెండు పాత్రలకూ బొమ్మలు వేసిన లూ ఫైన్ ఆ తరం చిత్రకారుల్లో అగ్రగణ్యుడు. గాలిలో తేలే మనిషి దేహానికి అతడు ఇచ్చిన ఒయ్యారం ఆనాటి చౌక కాగితం మీద కూడా చెదరలేదు. 1941 ఆగస్టులో మొదలైన ‘పోలీస్ కామిక్స్’ ఒక్క సంచికే ప్లాస్టిక్ మేన్‌తో పాటు హ్యూమన్ బాంబ్‌ను, ఫాంటమ్ లేడీని పరిచయం చేసింది. సెనేటర్ కూతురైన ఫాంటమ్ లేడీ చీకటిని వెదజల్లే పరికరంతో శత్రువుల కళ్లు కప్పుతుంది. హ్యూమన్ బాంబ్ చేయి తగిలితే చాలు, వస్తువు పేలిపోతుంది.

వీరందరికీ పెద్దగా నిలిచింది అంకుల్ శామ్. అమెరికా ప్రభుత్వానికి వ్యంగ్యచిత్రకారులు ఏనాడో ఇచ్చిన తెల్లగడ్డపు మానవరూపాన్నే ఐస్నర్ 1940 జులైలో ‘నేషనల్ కామిక్స్’ తొలి సంచికలో వీరుణ్ణి చేశాడు. అమెరికా యుద్ధంలోకి దిగింది 1941 డిసెంబరులో. అంటే ఈ పాత్ర దానికి ఏడాదిన్నర ముందటిది.

1956లో క్వాలిటీ మూతపడింది. దాని పాత్రలు డీసీ చేతికి వచ్చినా వీటిలో చాలావాటిని పదిహేడేళ్లపాటు ఎవరూ ముట్టుకోలేదు.

ఇంతలో డీసీలో మరో మార్పు జరిగింది. ‘ది ఫ్లాష్’ 123వ సంచికలో (1961 సెప్టెంబరు) రచయిత గార్డ్‌నర్ ఫాక్స్, చిత్రకారుడు కార్మైన్ ఇన్ఫాంటినో 1940ల వీరులు వేరొక భూమి మీద ఇంకా బతికే ఉన్నారని చూపించారు. అదే ఎర్త్-టూ. 1963 నుంచి అక్కడి జస్టిస్ సొసైటీ, ప్రధాన భూమిపై ఉండే జస్టిస్ లీగ్ అనే వీరుల జట్లు ఏటా ఒకసారి కలుసుకోవడం ఆనవాయితీ అయింది. 1972లో ఆ వార్షిక కథ రాసే పని వెయిన్‌కు దక్కింది. అప్పటికే ‘స్వాంప్ థింగ్’ సహసృష్టికర్తగా పేరు తెచ్చుకున్న ఈ యువకుడు, జనం మరచిన సెవెన్ సోల్జర్స్ ఆఫ్ విక్టరీ అనే జట్టును తిరిగి తెచ్చి మెప్పు పొందాడు. మరుసటి ఏడాది అతని చూపు క్వాలిటీ పాత్రల మీద పడింది.

కథ

రెండు భూముల మధ్య రాకపోకలు నడిపే యంత్రంలో ఎవరికీ చెప్పకుండా రెడ్ టొర్నాడో అనే యంత్రమానవుడు ఎక్కుతాడు. దాంతో లెక్క తప్పి బ్యాట్‌మేన్, గ్రీన్ యారో, ఎలాంగేటెడ్ మేన్, ఎర్త్-టూ సూపర్‌మేన్, డాక్టర్ ఫేట్, శాండ్‌మేన్ ఎవరూ ఎరగని మూడో చోట పడతారు. వీధుల్లో నాజీ సైనికులు తిరుగుతుంటారు. ఈ భూమిపై అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ముందే గుండెపోటుతో చనిపోయాడు. అమెరికా అణుబాంబు ఆలస్యమైంది, జర్మనీకి కూడా అది దక్కింది. యుద్ధం 1968 దాకా సాగి, మనుషుల మనసులను లోబరచుకునే యంత్రాలతో నాజీలు ప్రపంచాన్ని గెలిచారు. లొంగకుండా మిగిలినవారు ఆరుగురే: అంకుల్ శామ్, ది రే, బ్లాక్ కాండర్, డాల్ మేన్, హ్యూమన్ బాంబ్, ఫాంటమ్ లేడీ. వీరే ఫ్రీడమ్ ఫైటర్స్.

వచ్చినవారు, ఉన్నవారు కలిసి జట్లుగా విడిపోయి పారిస్‌లోని ఐఫిల్ టవర్, జపాన్‌లోని ఫ్యూజీ పర్వతం, అమెరికాలోని రష్‌మోర్ కొండల దగ్గర ఉన్న యంత్రాలను ధ్వంసం చేస్తారు. నడుమ యంత్రాల ప్రభావం సోకి మిత్రులే మిత్రులపై చేయి చేసుకునే ఘట్టం ఉంది. మనిషి మనసు లేనందున ఆ ప్రభావం రెడ్ టొర్నాడోను తాకదు. తోటివారు ఎన్నడూ పూర్తిగా తమలో కలుపుకోని ఆ యంత్రమానవుడికి అంతిమ విజయంలో పెద్దపాలు ఇవ్వడం వెయిన్ కథానిర్మాణంలోని మేటి ఆలోచన. రెండు సంచికల కథలో ఒక ఓడిన ప్రపంచపు భయాన్నీ, దానికి తలవంచనివారి మొండితనాన్నీ ఇంత స్పష్టంగా చూపిన వార్షిక కథ ఆ వరుసలో మరొకటి లేదు.

ఈ లోకానికి వెయిన్ మొదట నాజీ చిహ్నాన్నే పేరుగా అనుకున్నాడనీ, యూదుడైన ష్వార్ట్‌జ్ అందుకు ఒప్పుకోకపోవడంతో దాని సగం రూపంలా కనిపించే ఎక్స్ అక్షరం స్థిరపడిందనీ చెబుతారు.

తరువాతి చరిత్ర

పాఠకుల ఆదరణతో 1976లో ‘ఫ్రీడమ్ ఫైటర్స్’ పేరిట సొంత పత్రిక వెలువడి, 1978లో 15వ సంచికతో ఆగింది. అందులో వీరులు ఎర్త్-ఎక్స్‌ను వదిలి జస్టిస్ లీగ్ ఉండే ఎర్త్-వన్‌కు తరలివచ్చి, చేయని నేరాలకు పోలీసుల నుంచి పారిపోతూ తిరుగుతారు. మొదటి కథలోని బిగువుకు మూలమైన ఆక్రమిత ప్రపంచం పోయాక పత్రిక సాధారణ సాహసగాథగా మిగిలింది. 1980ల నడుమ రచయిత రాయ్ థామస్ ‘ఆల్-స్టార్ స్క్వాడ్రన్’లో ఈ వీరులు అసలు ఎర్త్-టూ నుంచి ఎర్త్-ఎక్స్‌కు వెళ్లినవారేనని చూపి పాత లెక్కలు సరిచేశాడు. 1985-86 నాటి ‘క్రైసిస్ ఆన్ ఇన్ఫినిట్ ఎర్త్స్’ కథ సమాంతర భూములన్నిటినీ ఒక్కటిగా కలిపివేయడంతో ఎర్త్-ఎక్స్ కూడా చెరిగిపోయింది.

2007లో డీసీ సమాంతర లోకాలను పునరుద్ధరించినప్పుడు నాజీల భూమి ఎర్త్-10గా తిరిగి వచ్చింది. దాని మీద వచ్చిన వాటిలో గ్రాంట్ మోరిసన్ రాసి, జిమ్ లీ చిత్రించిన ‘ద మల్టీవర్సిటీ: మాస్టర్‌మెన్’ (2015) గొప్పది. ఇందులో శిశువుగా ఉన్న సూపర్‌మేన్ రాకెట్ 1939లో నాజీల చేతికి చిక్కుతుంది. పెరిగి పెద్దవాడైన ఆ వీరుడు తన పేరిట జరిగిన మారణకాండ భారాన్ని మోస్తుంటాడు. అతని పాలనను ఎదిరించే ఫ్రీడమ్ ఫైటర్స్ నాజీలు తుడిచిపెట్టాలనుకున్న జనాల నుంచి వచ్చినవారు.

2017 నవంబరు 27, 28 తేదీల్లో అమెరికాలోని సీడబ్ల్యూ చానెల్ ‘సూపర్‌గర్ల్’, ‘యారో’, ‘ది ఫ్లాష్’, ‘లెజెండ్స్ ఆఫ్ టుమారో’ ధారావాహికలను కలిపి ఇదే పేరుతో నాలుగు భాగాల కథ ప్రసారం చేసింది. వెయిన్ అంతకు రెండు నెలల ముందు, సెప్టెంబరు 10న మరణించాడు. 2018 చివర రాబర్ట్ వెండిటీ రచన, ఎడ్డీ బారోస్ చిత్రాలతో మొదలైన 12 సంచికల ‘ఫ్రీడమ్ ఫైటర్స్’ కథను తిరిగి నాజీల ఏలుబడిలోని అమెరికాలోనే నడిపింది.