తొలిచూలు

16 ఏండ్లు నిండని కన్య, 25 ఏండ్లు నిండని పురుషునివలన గర్భము దాల్చినచో ఆ పిండము కడుపులోనే నశించుననియు, పుట్టినను చిరకాలము జీవింపదనియు, జీవించినను దుర్బలమగుననియు సుశ్రుతుడు శారీరస్థానమున హెచ్చరించెను. ఇట్టి వైద్యవాక్యము మన గ్రంథములలో నుండగా మన యిండ్లలోని యాచారము వేఱుదారి పట్టినది.

ఆ యాచారమునకు మొదట నడ్డు నిలిచినది చట్టము. కలకత్తాలో పది పదునొకండేండ్ల ఫూల్‌మణి భర్త సంపర్కమువలన మరణించిన పిమ్మట, 1891లో సమ్మతి వయస్సు 10 నుండి 12 ఏండ్లకు పెరిగినది. అంతమాత్రమునకే తిలకు ప్రభృతులు ప్రతిఘటించిరి. 1929లో శారదా శాసనము బాలికల వివాహవయస్సును 14గా నిర్ణయించెను. 1978లో నది 18 ఆయెను. కాని శారదా శాసనము ప్రకారము బాల్యవివాహము చేసినవారికి శిక్షయే కాని, జరిగిన పెండ్లి రద్దు కాలేదు. పందిరి దాటిన పిల్లకు చట్టము దిక్కు కాలేదు.

ఆమెకు దిక్కు కావలసినది జ్ఞానము. 1921లో రఘునాథ ధోండో కర్వే బొంబాయిలో సంతాననిరోధ వైద్యశాలను తెఱచి, గణితాచార్య పదవిని పోగొట్టుకొనెను. 1930లో మైసూరు ప్రభుత్వము తానే యట్టి వైద్యశాలలను నెలకొల్పెను. 1935లో వార్ధాకు వచ్చిన మార్గరెట్ సాంగర్‌తో గాంధీమహాత్ముడు ఆత్మనిగ్రహమే మార్గమని వాదించెను. వయసు వచ్చిన దంపతుల కామాట చెల్లునేమో. భర్త కెదురాడ నెఱుగని పిల్లకు నిగ్రహ మెవరి చేతిలోనిది?

1952లో జాతీయ కుటుంబనియంత్రణ కార్యక్రమ మారంభమైనది. కాలక్రమమున దాని భారమంతయు స్త్రీల శస్త్రచికిత్సపై బడెను. 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేక్షణము ప్రకారము ఆంధ్రప్రదేశమున వివాహితలలో నూటికి 71.1 మంది ఏదో యొక నిరోధపద్ధతి ననుసరించుచుండగా, వారిలో 69.6 మంది శస్త్రచికిత్స చేయించుకొన్నవారే. తక్కిన పద్ధతులన్నియు కలిసి నూటికి రెండైనను కావు. అదే సర్వేక్షణమున 15–19 ఏండ్ల యువతులలో నూటికి 12.6 మంది యప్పటికే తల్లులో గర్భిణులో అయి యుండిరి. దేశమంతటి లెక్క 6.8 మాత్రమే.

చదువరులారా, ఈ యంకెలను పక్కపక్కన నుంచి చూడుడు. చట్టము పెండ్లికి ముందు నిలిచినది. శస్త్రము కాన్పులన్నియు ముగిసిన పిమ్మట వచ్చినది. నడుమనున్న తొలిచూలును కొంతకాలము వాయిదా వేయు విద్య యెవరి బాధ్యతయు కాలేదు.

ఆ విద్యను నేర్పుట బాల్యవివాహమున కంగీకారమని కొందఱందురు. ముల్లు గ్రుచ్చుకొనకుండ దారి యూడ్చుట వేఱు. గ్రుచ్చుకొన్న ముల్లును తీయుట వేఱు. రెండును కావలయును.

క్రొత్తకోడలిని “విశేషమేమైన నున్నదా?” యని యింటింట నడుగుదురు. “ఇప్పుడే బిడ్డ కావలెనని నీకున్నదా?” యని యామెనే ముందుగా నడుగు నిల్లు ఇకనైనను మనది కావలదా?